దొరగారు ఇల్లు కడుతున్నారు

జూన్ 3

చెల్లీ,

నేను వద్దు వద్దంటున్నా నువ్వు నా సామానులో దూర్చిన మూడు దుప్పట్లూ క్షేమం. నేనూ క్షేమం.

బదిలీ మీద వచ్చిన ఈ డిపో మన పాతదానికన్నా చిన్నది. టైంకీపరు గది అంటే మూడు వైపులా గోడ, ఒక వైపు కిటికీ, ఆ కిటికీలోంచి రోజుకి నూట పది బస్సుల ముఖాలు చూడటం. పనికేం, ఇరవై మూడేళ్ళుగా చేస్తున్నదే. గదికి రావడమే కష్టంగా ఉండేది. మేడ మీద ఒంటరి గది. తాళం తీసి లోపలికి వెళ్తే నా చెప్పుల చప్పుడే నాకు ఎదురొచ్చేది. మీ ఇంట్లో మీ ఆయన గురక, నీ కుట్టుమిషను రొద, పిల్లల కొట్లాట విని విని, ఇక్కడి నిశ్శబ్దానికి చెవులు గింగురుమన్నాయి.

ఇప్పుడా బాధ లేదు. ఎందుకో చెప్తాను.

డిపోలో లగేజీ తూచే కాటా ప్రతి మూటకీ రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోందని గొడవైతే, బాగుచేయడానికి ఒకాయన వచ్చారు. ఈ ఊళ్ళో కొట్లవాళ్ళ కాటాలన్నీ ఆయన చేతిలోంచి వెళ్ళాల్సిందే. ఒక చేతిలో పనిముట్ల పెట్టె, ఇంకో చేతిలో మూతకి చిల్లులు పెట్టిన గాజు సీసా. సీసాలో ఎర్రటి చేప. ఎవరో అడిగారని తీసుకెళ్తే తీరా వాళ్ళింట్లో పిల్లి ఉందట. "మీ ఇంట్లో పిల్లి ఉందాండీ?" అన్నారు. లేదన్నాను. ఆ ఒక్క మాటతో చేప నాదైపోయింది.

దీన్ని ఫైటర్ అంటారు. గట్టి ప్రాణమట, కొత్తగా పెంచేవాళ్ళకి ఇదే మంచిదట. కొళాయి నీళ్ళు పట్టిన వెంటనే పోయకూడదు, రెండు రోజులు తేరనివ్వాలి. నీళ్ళన్నీ ఒకేసారి మార్చకూడదు. దాని కడుపు దాని కంటిగుడ్డంతే ఉంటుంది కాబట్టి ఆ లెక్కనే తిండి పెట్టాలి. ఆ నడక, ఆ తోక ఊపడం చూస్తే తనిఖీకి వచ్చిన పెద్ద అధికారిలా ఉంది. అందుకని దొరగారు అని పేరు పెట్టాను. మీరు అనే పిలుస్తున్నాను.

డిపో గోడకే పోస్టు డబ్బా ఉంది. ఇది అందులోనే వేస్తున్నాను.

అక్క


జూన్ 10

చెల్లీ,

నిన్నటి నుంచి నాకు కాలు నేల మీద నిలవడం లేదు. దొరగారు ఇల్లు కట్టడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, ఎవరి సాయమూ లేదు. పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఏమీ లేదు, సాయంత్రం వచ్చి చూస్తే సగం అయిపోయింది. కాటాల ఆయనకి చెప్తే ఎంత సంతోషించారో. "ఇల్లు కట్టారంటే పెళ్ళికి సిద్ధమన్నమాటేనండీ" అన్నారు.

నేను మెట్లెక్కే చప్పుడుకే ఈ పక్కకి వచ్చి ఎదురుచూస్తారు. రెండు పూటలా నా చేత్తో పెడితేనే తింటారు. కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది. అద్దం చూపిస్తే తన ముఖం చూసి తనే మండిపడతారు. అయినా గదిలో ఆయన ఉన్నారన్న ధైర్యంతో హాయిగా నిద్రపోతున్నాను.

డిపో డబ్బా తుప్పు పట్టి ఉంది, నమ్మకం లేదు. ఇది పెద్ద పోస్టాఫీసులో వేస్తున్నాను. దుప్పట్లు పంచిపెట్టేశాను, తిట్టకు.

అక్క


జూన్ 15

అక్కా, అక్కా, అక్కా,

నీ ఉత్తరం మిషను పక్కన పెట్టుకుని కుడుతూ చదివాను. సూది వేలిలో దిగింది. నొప్పి తెలియలేదు.

ఎవరే ఆ దొరగారు? ఊళ్ళో అడుగుపెట్టి మూడు వారాలు కాలేదు, ఇంతలోనే నీ కోసం ఇల్లు కట్టిస్తున్న మనిషి దొరికాడా? ఒకే గదిలో ఉంటున్నారని చదివి ముందు నా గుండె ఆగింది. తర్వాత మెల్లిగా ఆలోచించుకున్నాను. నలభై ఏడేళ్ళ మనిషివి, నీ సంపాదన నీది, ఎవరికి జవాబు చెప్పాలి? మా ఆయన అయితే "ఇల్లు కడుతున్నాడంటే నిలకడైన మనిషే" అని తేల్చేశారు. ఆ కోపం ఒక్కటే నాకు భయం. అద్దంలో తన ముఖం చూసి మండిపడేవాడు నీ మీద చెయ్యి ఎత్తడు కదా? ఆ కాటాల ఆయన మధ్యవర్తి అనుకుంటాను, ఆయన్ని గట్టిగా విచారించు.

ఒక మాట చెప్పనా. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. నన్ను పెంచావు, పని నేర్పించావు, పెళ్ళి చేశావు. ఆ సందట్లో నీ పెళ్ళి ఊసే లేకుండా పోయింది. నా వల్లే నువ్వు ఒంటరిగా ఉండిపోయావన్న మాట పదిహేనేళ్ళుగా నా గొంతులో ముల్లులా ఉంది. ఈ రోజు ఆ ముల్లు ఊడింది. వీధి వీధంతా చెప్పుకున్నాను.

నీ కొలతలు నా చేతులకే తెలుసు. ఆయన కొలతలు పంపు: పొడవు, మెడ, భుజం. కొత్త బట్టలు నేనే కుడతాను.

నీ చెల్లెలు


జూన్ 19

చెల్లీ,

అడిగావు కాబట్టి కొలతలు రాస్తున్నాను. పొడవు రెండున్నర అంగుళాలు, అందులో సగం తోక. మెడ లేదు. భుజాలు లేవు.

దొరగారు చేప. జూన్ 3న అంతా వివరంగా రాశాను. ఆ ఉత్తరం నీకు చేరలేదని ఇప్పుడు అర్థమైంది. డిపో డబ్బా తాళంచెవి పోయి రెండు నెలలైందట, అందులో పడ్డవన్నీ అందులోనే ఉన్నాయట. ఇల్లు అంటే నీళ్ళ మీద నోటితో ఊదిన నురగ బుడగల తెప్ప. మగ ఫైటర్లు గుడ్ల కోసం అలా కడతాయి.

నీ ఉత్తరం టిఫిను వేళ డిపోలో చదివి నవ్వాను. ఏడో నంబరు డ్రైవరు "ఏంటమ్మా?" అంటే, చెప్పలేక ఇంకా నవ్వాను. గదికి వచ్చి మళ్ళీ చదివితే నవ్వు రాలేదు. పదిహేనేళ్ళుగా నన్ను చూసి జాలిపడుతున్నావా? నీతో కలిసి తిన్న ప్రతి పూటా నన్ను పాపం అనుకుంటూనే వడ్డించావా? నేను దేన్నీ త్యాగం చేయలేదు. అప్పుడు నాకు నచ్చినవాడు ఎదురుపడలేదు, అంతే. నా బతుకులో నాకు లోటు కనపడలేదు. అది నీకు ముల్లులా కనపడిందంటే, తప్పు నీ కంటిది.

వీధిలో చెప్పిన వాళ్ళందరికీ చేప అని కూడా చెప్పు.

అక్క


జూన్ 24

అక్కా,

డిపో డబ్బా తాళం పగలగొట్టినట్టున్నారు, జూన్ 3 నాటి నీ ఉత్తరం ఈ రోజే వచ్చింది. కవరు మీద తుప్పు మరక కూడా ఉంది.

మా ఆయన నవ్వి నవ్వి మంచం మీంచి జారి నేల మీద కూర్చున్నారు. వీధిలోకి వెళ్తే చాలు, "మీ బావగారికి ఈత వచ్చా?" అని అడుగుతున్నారు. ఆ శిక్ష నాకు చాలు.

జాలి కాదే అక్కా. అప్పు తీర్చలేనివాళ్ళకి ఉండే బెంగ అది. సరిగ్గా చెప్పడం చేతకాలేదు. బట్టలు కత్తిరించడం వచ్చినంతగా నాకు మాటలు కత్తిరించడం రాదు. నువ్వు లేని వంటగదిలో ఇప్పటికీ నీ ఎత్తుకి తగిలించిన గరిటెలే ఉన్నాయి, నేను ముక్కాలిపీట ఎక్కి అందుకుంటున్నాను. మార్చబుద్ధి కావడం లేదు.

ఇక నువ్వు ఎవరి గురించి రాసినా ముందు తోకుందా అని అడిగి గాని నమ్మను. చిన్నప్పుడు నన్ను ఎన్నిసార్లు ఆటపట్టించావో నాకు గుర్తే. ఈ అవకాశం నువ్వు వదలవు.

నీ చెల్లెలు


జూలై 14

చెల్లీ,

కోపం పోయింది. గరిటెలు కిందికి తగిలించు.

ఇప్పుడు అసలు సంగతి విను. మొన్నటిది కాదు, ఆ ముందు ఆదివారం కాటాల ఆయన ఆడ చేపని తెచ్చారు. దాన్ని ఒక్కసారిగా వదిలితే దొరగారు కొరికి చంపేస్తారట. అందుకని తొట్టి మధ్యలో అడుగు లేని గాజు గొట్టం నిలబెట్టి, దాన్ని అందులో ఉంచారు. దొరగారు ఒళ్ళంతా విప్పారి, చుట్టూ తిరిగి, మళ్ళీ పరుగున వెళ్ళి ఇల్లు పెద్దది చేసుకోవడం. మర్నాడు గొట్టం తీసేశాం. రెండూ చుట్టుకోవడం, గుడ్లు నూకల్లా రాలడం, దొరగారు ఒక్కొక్కదాన్నీ నోట పట్టి తీసుకెళ్ళి బుడగల్లో అంటించడం. కాపలా అంతా తండ్రిదే. తల్లిని వెంటనే తీసేయాలి, లేకపోతే గుడ్లు తినేస్తుంది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి జ్వరం లేకుండా సెలవు పెట్టాను.

రెండో రోజుకి పిల్లలు. వెంట్రుక ముక్కల్లాంటి తోకలు కిందికి వేలాడుతూ. రాలినవాటిని తండ్రి మళ్ళీ నోట పట్టి పైకి చేర్చేవాడు. అవి సొంతంగా ఈదడం మొదలుపెట్టాక తండ్రిని వేరు చేశాను. అక్కడి నుంచి చెడగొట్టింది నేనే. ఆకలేస్తుందేమోనని ఉడికించిన గుడ్డు పచ్చసొన కలిపి పోశాను. మధ్యాహ్నం ఇంకొంచెం. సాయంత్రం ఇంకొంచెం. మూడో రోజుకి నీళ్ళు కుళ్ళి ఒక్క పిల్లా మిగల్లేదు.

ఆయన తొట్టి కడిగిపెట్టారు. గుడ్డ పిండి ఆరేస్తూ "చేపలు ఆకలికన్నా ప్రేమకే ఎక్కువ చస్తాయండీ. మొదటిసారి నావీ అలాగే పోయాయి" అన్నారు. ఆయన మందుల కొట్టు కాటా తెచ్చి, నేను పోసినంత సొన తూచి చూపించారు. తర్వాత పోయాల్సినంత తూచబోతే ముల్లు కదల్లేదు.

మళ్ళీ ప్రయత్నిస్తాం. ఈసారి క్యాబేజీ ఆకు నానబెట్టిన సీసాని వారం ముందే కిటికీలో పెట్టాం. అందులో కంటికి ఆనని జీవాలు పుడతాయట, పసిపిల్లలకి అవే తల్లిపాలట.

అక్క


అక్టోబరు 28

చెల్లీ,

అరవై నాలుగు. మళ్ళీ రాస్తున్నాను, అరవై నాలుగు.

ఆగస్టులో ఈదడం మొదలుపెట్టినవాటిలో ఇన్ని బతికాయి. చల్లగాలి తగిలితే ఊపిరి అందక పోతాయని తొట్టికి మూత ఒక్కరోజు ఎత్తలేదు. ఇప్పుడు రంగులు తేలాయి. ఎరుపు, నీలం, ఒకటైతే పాత రాగి బిళ్ళ రంగు. మగవాటికి పౌరుషం వచ్చి ఒకదాని తోక ఒకటి చింపుకుంటుంటే ముప్ఫై ఒక్క మగపిల్లల్ని వేరు వేరు సీసాల్లోకి మార్చాం. నా గది నిండిపోయింది, ఆయన కొట్టులో బీరువా మీద, కిటికీలో, తూకం రాళ్ళ మధ్యలో అన్నీ సీసాలే. డ్రైవర్లు ఇంటికి వెళ్తూ వచ్చి చూసి వెళ్తున్నారు. ఒక కండక్టరు తన కూతురికి ఒకటి బుక్ చేసుకున్నాడు.

ఇంకో సంగతి. నిన్న సీసాలకి నీళ్ళు మారుస్తున్నాం. ఆయన తల ఎత్తకుండా, "టైంకీపరుగారూ, రెండు చోట్ల ఇన్ని సీసాలు చూసుకోవడం కష్టంగా ఉందండీ. ఒకే ఇంట్లో ఉంటే సులువు" అన్నారు.

"అయితే నావి కూడా ఇక్కడికే తెచ్చేద్దాం" అన్నాను.

ఆయన కాసేపు గుడ్డతో అదే సీసాని తుడిచారు. "చేపల సంగతి కాదండీ" అన్నారు.

ఆయన భార్య పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. తక్కువ మాట్లాడతారు, మాట్లాడింది చేస్తారు. చేతిలో సీసా దించేసి గదికి వచ్చేశాను. నాకు భయమో సంతోషమో తెలియడం లేదు. ఈ వయసులో ఇదేంటి అనుకుంటున్నాను, మళ్ళీ అనుకోవడం లేదు. నువ్వేమంటావు? నువ్వు చెప్పేదాకా ఆయనకి జవాబు చెప్పను.

అక్క


నవంబరు 2

అక్కా,

అరవై నాలుగు మంది పిల్లలు, పైన పెళ్ళి. వరస మారింది గాని ఫరవాలేదు.

ఈసారి నేను పడను. "సీసాల మధ్య సిగ్గుపడుతూ అడిగాడు" అంటే జూన్‌లో అయితే ఏడ్చేదాన్ని. ఇది నన్ను ఆటపట్టించడానికి నువ్వు వేసిన ఎత్తని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. చేపల సంగతి కాదండీ అన్న మాట దగ్గర మా ఆయన కూడా "మీ అక్క కథలు బాగా అల్లుతోంది" అన్నారు. ఏం, ఈ పెళ్ళికొడుక్కి ఎన్ని అంగుళాలు? తోకతో కలిపా, తోక లేకుండానా? ముసలితనంలో నీళ్ళలో దిగితే జలుబు చేస్తుందని చెప్పు. బట్టలు కుట్టమంటే మాత్రం కుట్టను.

రాగి రంగుది నాకు దాచిపెట్టు, అది నిజమైతే.

నీ చెల్లెలు


నవంబరు 7

చెల్లీ,

నీ ఉత్తరం అందింది.

నవ్వావు. నవ్వాల్సిన విషయమే కాబోలు. ఆయనకి వద్దని చెప్పేశాను. సరేనండీ అన్నారు. పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్ళారు.

రాగి రంగుది ఆయన కొట్టులో ఉంది, నీ కోసం దాచమన్నాను. ఎవరైనా ఇటు వస్తే పంపిస్తాను.

అక్క


నవంబరు 16

అక్కా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చదివి ఎలా బస్సెక్కానో, ఇద్దరం నీ గదిలో ఎంత ఏడ్చామో, ఎవరు ముందు క్షమాపణ చెప్పాలని ఎంత పోట్లాడుకున్నామో నీకు తెలుసు. "అయిపోయింది, ఇక ఆ మాట ఎత్తకు" అని నా చేత ఒట్టు వేయించుకున్నావు. నీ ముందు ఎత్తలేదు. తిరుగు బస్సెక్కే ముందు ఏం చేశానో మాత్రం నీకు చెప్పలేదు. ముఖం మీద చెప్తే చీపురు అందుకుంటావని ఉత్తరంలో రాస్తున్నాను.

నువ్వు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాక కాటాల కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. సందు చివర, సైకిళ్ళు బాగుచేసే చోటు పక్కన. నేనెవరో చెప్పలేదు. కాటా కొనడానికి వచ్చినట్టు నిలబడ్డాను. చొక్కా మోచేతి దగ్గర చిరిగితే అతుకు వేసుకున్నాడు, కుట్టు అడ్డదిడ్డంగా ఉంది గాని గట్టిగా ఉంది. ప్రతి రెండు సీసాల మధ్యా అట్టముక్క పెట్టాడు. ఎందుకండీ అంటే, "ఒకదాన్నొకటి చూస్తూ రోజంతా కోపంతో అలిసిపోతాయండీ. రోజుకి ఐదు నిమిషాలు తీస్తాను, ఆ కాస్త కోపం ఒంటికి మంచిదే" అన్నాడు.

"ఆ రాగి రంగుది నాకిస్తారా?" అన్నాను.

"ఇవి నావి కావండీ, టైంకీపరుగారివి. అందులో అది వాళ్ళ చెల్లెలిగారి కోసం దాచింది. ఎవరు అడిగినా ఇవ్వను."

అక్కా, నువ్వు వద్దన్న తర్వాత కూడా కొట్టులో ఉన్న నీ సీసాలన్నిటికీ ఒక్కడే నీళ్ళు మారుస్తున్నాడు. నేనిక ఆగలేకపోయాను. "ఆ చెల్లెల్ని నేనే. మా అక్క వద్దన్నది మీరు నచ్చక కాదు, నేను రాసిన వెధవ ఉత్తరం చదివి" అని జూన్ నుంచి జరిగిందంతా చెప్పేశాను. కొలతలు అడిగిన సంగతితో సహా.

ఆయన నవ్వలేదు. చేతిలో ఉన్న చిన్న కాటా కింద పెట్టి, ముల్లు ఊగడం ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత "అయితే ఇంకోసారి అడగొచ్చా అండీ?" అన్నాడు.

అడగమన్నాను. నువ్వు నన్ను ఎంత తిట్టినా సరే. నాకు అప్పు తీరాలని కాదు, నీకు తోడు కావాలనీ కాదు. ఆ సీసాల గురించి చెప్తుంటే ఆయన ముఖం, అక్టోబరులో నువ్వు రాసిన ఉత్తరం, రెండూ ఒకేలా ఉన్నాయి. అది చూసి అడగమన్నాను. నీకు వద్దనిపిస్తే మళ్ళీ వద్దని చెప్పు. కానీ ఈసారి నా మాట విని చెప్పకు.

నీ చెల్లెలు


నవంబరు 21

చెల్లీ,

నీ ఉత్తరం సాయంత్రం అందింది. అది చదవకముందే, పొద్దున జరగాల్సింది జరిగిపోయింది. వరసగా రాస్తాను.

ఎనిమిది గంటల రద్దీ. ఏడో నంబరు బస్సు బయల్దేరాలి. నేను మైకు స్విచ్చి వేసి "ఏడో నంబరు ప్రయాణికులు" అన్నాను, ఇంతలో కిటికీలో ఆయన. స్నానం చేసి, తల దువ్వుకుని, చేతిలో పనిముట్ల పెట్టె లేకుండా. పెట్టె లేకుండా ఆయన్ని చూడటం అదే మొదలు, ఒక్క క్షణం పోల్చుకోలేదు.

"లగేజీ కాటా బాగానే ఉందండీ" అన్నాను, ఏం అనాలో తెలియక.

"కాటా కోసం రాలేదండీ. మొన్న అడిగింది మళ్ళీ అడగడానికి వచ్చాను. మీరు ఇంకోసారి వద్దంటే ఇక అడగను, సీసాలు మాత్రం చూసుకుంటాను."

ఆయన వెనక వరసలో ఇద్దరు డ్రైవర్లు, ఒక గర్భిణి, కోడిని చంకలో పెట్టుకున్న ఒక ముసలాయన. ఎవరూ తోయడం లేదు. నీ ఉత్తరం నాకింకా అందలేదు చూడు, నువ్వు ఏమన్నావో నాకు తెలియదు. ఎవరేమంటారన్న ఆలోచన కూడా రాలేదు. నా నోరే ముందు పలికింది.

"సరేనండీ. నాకిష్టమే" అన్నాను.

మైకు కట్టేయలేదు.

నా గొంతు ఆవరణ అంతా మోగింది. టీ కొట్టు దాకా, పెట్రోలు పంపు దాకా. ముందు ఆ ముసలాయన చంకలో కోడి బెదిరి అరిచింది. తర్వాత ఏడో నంబరు డ్రైవరు హారన్ కొట్టాడు. అతన్ని చూసి పన్నెండో నంబరు. తర్వాత బస్సులన్నీ. ఆయన చెవుల దాకా ఎర్రబడి, ఎటు వెళ్ళాలో తెలియక, నా కిటికీ ముందు వరసలోనే నిలబడిపోయారు.

వచ్చే నెల తొమ్మిదిన, పదకొండు గంటలకి, రిజిస్ట్రారు ఆఫీసులో. మరిదిగారినీ పిల్లల్నీ తీసుకుని రా. నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది, అది ఎదురుగా తిడతాను.

ఏడో నంబరు పదకొండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. నా చేతి మీదుగా ఒక బస్సు ఆలస్యం కావడం ఇరవై మూడేళ్ళలో ఇదే మొదలు. రిజిస్టరులో 'కారణం' అన్న గడి దగ్గర కలం పట్టుకుని కూర్చుండిపోయాను. డ్రైవరే కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా కలం లాక్కుని, పెద్ద అక్షరాలతో 'శుభవార్త' అని రాసి సంతకం పెట్టి వెళ్ళాడు.

అక్క